పాడనేరని పాదిరి – జాన్ కర్వెన్

మన పల్లెలలో దీపము పెట్టు వేళకు మందిరమున పదిమంది కూడి భజన చేయుట పరిపాటి. ఒకరు పల్లవి నెత్తుకొందురు, తక్కినవారు అందుకొందురు. ఆ అందుకొనువారిలో సంగీతము నేర్చినవారు ఒక్కరును లేకున్నను భజన ఆగదు. చెవి యున్నది, తాళము పట్టిన చేయి యున్నది, అదియే చాలును. కాని ఆ పదిమందికిని వా రెన్నడును వినని క్రొత్త పాట యొకటి కాగితముపై వ్రాసి యిచ్చి, నాలుగు వేర్వేరు వరుసలుగా చీలి, ఒక్కసారిగా, శ్రుతి చెడకుండ పాడుడని కోరినచో వారేమి చేయుదురు? తెల్లబోవుదురు. అట్టి పనిని 19వ శతాబ్దిలో ఇంగ్లండు దేశమందలి మిల్లు కూలీలచేతను, గని పనివారిచేతను, వీధిబడి పిల్లలచేతను చేయించినవాడు జాన్ కర్వెన్. ఆయన పేరు చెప్పుకొని ఊరూరను గానబృందములు వెలసినవి. చిత్రమేమనగా, ఆయన సంగీత విద్వాంసుడు కాడు. యౌవనమున ఒక చిన్న కీర్తననైనను కాగితము చూచి పాడలేకపోయినవాడు.

జాన్ కర్వెన్ 1816వ సంవత్సరము నవంబరు 14వ తేదీన యార్కుషైరు మండలములోని హెక్మండ్వైక్ అను ఊర జన్మించెను. అది ఉన్ని నేతగాండ్ర ఊరు. తండ్రి స్పెడ్డింగు కర్వెన్ ప్రభుత్వమతముతో సంబంధము లేని స్వతంత్ర క్రైస్తవ సంఘములలో పాదిరి. ఆ దినములలో ఇట్టి సంఘములవారికి ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి విద్యాపీఠముల పట్టములు అందరానివి. కావున జాన్ తమ సంఘము వారి వేదాంత కళాశాలలోను, అప్పటికి క్రొత్తగా వెలసిన లండను యూనివర్సిటీ కాలేజిలోను చదివెను. 1838లో బేసింగ్‌స్టోకు అను పట్టణమున సహాయ బోధకుడై, ప్రక్కనే చిన్నబడి నడపెను. ఆయనకు వేదాంతముకంటె పిల్లలకు పాఠము చెప్పుటయందు మక్కువ యెక్కువ. తాను బోధించిన బాలిక యొకతె చిన్నతనముననే కన్నుమూయగా ఆమె కథను 1840లో చిన్న పుస్తకముగా ప్రకటించెను. స్విట్జర్లాండు విద్యావేత్త పెస్టలోజీ చూపిన మార్గము ఆయనకు ఆదర్శము. సులభమైనది ముందు, కఠినమైనది వెనుక. వస్తువు ముందు, దాని పేరు వెనుక. ఒక్కొక్క పర్యాయము ఒక్క సంగతియే. కర్వెన్ జీవితమంతయు ఈ మూడు ముక్కలలోనే యున్నదనిన అతిశయోక్తి కాదు.

ఆనాటి ఇంగ్లండులో పాట ఎట్లుండెడిదో కొంత తెలిసికొనవలెను. పెద్ద దేవాలయములలో జీతగాండ్రైన గాయకులు పాడుచుండిరి. ధనవంతుల యిండ్ల ఆడపిల్లలు పియానో నేర్చుచుండిరి. కర్మాగారములు పెరిగి, పల్లెలనుండి వచ్చిన జనము పట్టణములలో క్రిక్కిరిసి, రోజుకు పండ్రెండు గంటలు పనిచేయుచుండిరి. వారికి పనియైన పిమ్మట సారాయి దుకాణము తప్ప వేరు కాలక్షేపము కరవయ్యెను. పేదవారిచే పాడింపవలెనను తలంపు చాలమందికి ఒక్కసారియే కలిగెను. 1841లో జాన్ హల్లా అను సంగీతజ్ఞుడు లండనులోని ఎక్సెటరు హాలులో ప్రభుత్వపు ఆదరణతో ఉపాధ్యాయులకు గానతరగతులు పెట్టెను. జోసెఫ్ మైంజరు అను జర్మను దేశీయుడు కూలీలను వందలకొలది పోగుచేసి పాఠములు చెప్పెను. జనము విరగబడి వచ్చిరి, కొన్ని నెలలలోనే విరగబడి పోయిరి.

అట్లు పోవుటకు కారణము మన పాఠకులకు తేలికగా బోధపడును. పాశ్చాత్య సంగీతమును ఐదు గీతలపై చుక్కలుంచి వ్రాయుదురు. హల్లా తాను ఫ్రాన్సునుండి తెచ్చిన పద్ధతిలో డో, రే, మీ మొదలగు పేర్లను ఆ గీతలకే కట్టిపెట్టెను. డో అనిన ఎన్నడును ఒక్కటే నాదము. మన సంగీతమున గాయకుడు తన గొంతునకు తగినచోట షడ్జము నిలుపుకొనును. ఒకరు ఒకటవ శ్రుతిలో, మరొకరు నాలుగవ శ్రుతిలో. షడ్జము ఎక్కడ నిలిచినను రిషభ గాంధారములు దానిననుసరించి జరుగును. సరళీవరుసలు పాడు పసిబిడ్డకుకూడ ఈ సంగతి తెలిసియే యుండును. షడ్జమునకు మేకు కొట్టి ఒక్కచోట దిగవేసి, ఏ శ్రుతిలో పాడినను ఆ పేరే పలుకవలెననినచో మన విద్యార్థులేమగుదురో హల్లా విద్యార్థులును అట్లే యైరి. మొదటి పాఠములన్నియు ఒకే శ్రుతిలోనివి గనుక ఉత్సాహముగా సాగెను. శ్రుతి మారినతోడనే పేరొకటి, చెవి చెప్పునది మరొకటి యయ్యెను. పగలెల్ల మగ్గముకడ నిలిచి వచ్చినవానికి ఆ చిక్కు విప్పుకొను ఓపిక ఎక్కడిది?

1841వ సంవత్సరము శరత్కాలమున హల్ నగరమున ఆదివారపు బడుల ఉపాధ్యాయుల సభ జరిగెను. పిల్లలకును సంఘస్థులకును పాట నేర్పుటకు అన్నిటికంటె సులభమైన మార్గమేదో వెదకి చెప్పుమని ఆ సభవారు కర్వెన్‌ను కోరిరి. అప్పటికి ఆయనకు ఇరువదియైదేండ్లు నిండలేదు. స్టోమార్కెట్ అను ఊర ఉపబోధకుడుగా నుండెను. తనకు రాని విద్యకు మార్గము వెదకుమని చెప్పినప్పుడు వేరొకరైనచో నవ్వి తప్పించుకొనెడివారు. కర్వెన్ ఒప్పుకొనెను. అంతకుముందే ఆయన సంగీతము నేర్చుకొన ప్రయత్నించి విఫలుడయ్యెను. పుస్తకములలోని గీతలును చుక్కలును ఆయనకు అర్థము కాలేదు. మిత్రు లెంత చెప్పినను గొంతు స్వరమును పట్టుకొనలేదు. ఆ అవమానమే ఆయనకు అర్హత యయ్యెను. పుట్టుకతో పాడగలవానికి, పాడలేనివాడు ఎచట కాలు జారునో తెలియదు. కర్వెన్‌కు ప్రతి మెట్టును తెలియును. ప్రతి మెట్టుమీదను తాను పడియుండెను.

స్టోమార్కెటునకు ఉత్తరమున నార్విచి నగరము కలదు. అచ్చట ఒక పాదిరి కుమార్తె, సారా ఆన్ గ్లవరు అను అవివాహిత, పేదపిల్లల బడి నడపుచుండెను. ఆమె 1786లో జన్మించినది. ఆమె బడిగోడకు నిచ్చెనవంటి పటమొకటి వ్రేలాడుచుండెడిది. నిచ్చెనమెట్లపై స్వరముల పేర్లు క్రిందినుండి మీదికి వ్రాసియుండెడివి. పిల్లలలో పెద్దది యొకతె కర్రతో మెట్లు చూపుచుండ, తక్కిన పిల్లలు ఆ స్వరములు పాడుచుండిరి. డో అనునది ఏ శ్రుతికైనను ఆధారషడ్జమే. స్వరమును గుర్తించుటకు దాని పేరులోని మొదటి అక్షరమొక్కటి చాలును. ఏడవ స్వరమునకు అంతవరకు సీ అను పేరుండెడిది. ఐదవదైన సో, ఏడవదైన సీ, రెండును ఒకే అక్షరముతో మొదలగుటచే కలిసిపోవుచుండెను. గ్లవరు ఏడవదానిని టీ అని మార్చెను. నేటికిని ఆ పేరే ఇంగ్లీషువారు వాడుచున్నారు. ఆమె తన పద్ధతిని 1835లో నార్విచిలో చిన్న పుస్తకముగా అచ్చువేయించెను. ఆ పుస్తకము కర్వెన్ చేతికి వచ్చెను. ఆయన ఆ బడినికూడ చూచి వచ్చెను.

ఆ పిమ్మట ఆయన ఒక పిల్లవానిని తోడు చేసికొని ఆ పద్ధతిని తనపైననే ప్రయోగించుకొనెను. రెండు వారములలో, అంతకుముందు గీతల పుస్తకములో తనకు కొరుకుడుపడని ఒక సామాన్యమైన కీర్తన బాణీని తనంతట తాను కూడబలుక గలిగెను. పాడలేనివాడు రెండు వారములలో పాట చదివెను. ఇక చూడవలసిన సాక్ష్యమేమున్నది? 1842లో ఒక పత్రికలో వ్యాసములు వ్రాసెను. 1843లో బడులకును సంఘములకును ఉపయోగించు గానబోధినిని ప్రకటించెను.

ఇచ్చట ఆయనయందొక దోషము చెప్పకతప్పదు. కర్వెన్ ఆమె పద్ధతిని ఉన్నదున్నట్లు గ్రహింపలేదు. పెద్దక్షరములను చిన్నక్షరములుగా మార్చెను. పేర్లను కొన్నిటిని సవరించెను. తాళమును వ్రాయు విధానమును తిరుగ గూర్చెను. ఈ మార్పులకు ముందుగా ఆమె అనుమతిని పొందలేదు. ఇరువది సంవత్సరములకు పైగా పేదపిల్లల నడుమ కూర్చుండి ఒక్కొక్క గుర్తును పరీక్షించి చూచిన ఆమెకు, ఎన్నడును సంగీతము నేర్పని యువకుడొకడు వచ్చి వానిని మార్చుట రుచింపలేదు. అది సహజమే. కర్వెన్ తన పుస్తకములలో మూలము ఆమెదని చెప్పుచునే వచ్చెను. కాలక్రమమున వారిరువురి నడుమ స్నేహభావమును ఏర్పడెను. అయినను లోకము ఆ పద్ధతిని ఆయన పేరుతోనే పిలిచెను. మార్పులు మంచివే కావచ్చును. ముందు అడిగియుండినచో కథ మరింత శోభించెడిది.

1844లో కర్వెన్ లండనునకు తూర్పున నున్న ప్లేస్టో అను ఊర పాదిరిగా నియుక్తుడయ్యెను. మరుసటి సంవత్సరమున మేరీ తాంప్సన్ అను నామెను వివాహమాడెను. ప్లేస్టో అప్పటికి పల్లెయే. తరువాత రేవులు, కర్మాగారములు పెరిగి లండను దానిని మ్రింగివేసినది. అచ్చటి ప్రార్థనాలయపు బడి గదియే ఆయన ప్రయోగశాల. టానిక్ సోల్ఫా అను పేర ప్రసిద్ధికెక్కిన పద్ధతి అచ్చటనే రూపు దిద్దుకొనెను.

క్రొత్త బృందమును కూర్చుటలో ఆయన అనుసరించిన క్రమమును కొంత వివరముగా చెప్పుట అవసరము. సాయంకాలము పని ముగించుకొని వచ్చిన ఇరువది ముప్పది మంది బల్లలపై కూర్చుందురు. చేతులలో పుస్తకములుండవు. గోడకు నిలువుపటము, ఉపాధ్యాయుని చేత ఒక కర్ర. మొదటినాడు ఏడు స్వరములను నేర్పుట లేదు. డో, మీ, సో, ఈ మూడే. మన లెక్కలో స, గ, ప అన్నమాట. ఉపాధ్యాయుడు పాడును, విద్యార్థులు ఊరక విందురు. పిదప విద్యార్థులు పాడుదురు. ఉపాధ్యాయుడు ఊరక వినును. ఉపాధ్యాయుడు విద్యార్థులతో కలిసి పాడరాదనునది కర్వెన్ గట్టిగా విధించిన నియమము. కలిసి పాడినచో వారు గురువు గొంతునకు చేరగిలబడుదురు, గురువునకు వారి తప్పులు వినబడవు. మన సంగీతపు అయ్యవార్లలో ఎందరు ఈ మాటకు సమ్మతింతురో సందేహమే; కాని విచారింపదగిన మాట.

ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క స్వభావము కలదని ఆయన బోధించెను. డో దృఢమైనది, కదలక నిలుచును. రే మేల్కొల్పునది. మీ శాంతమైనది. ఫా గంభీరమై కొంత భయము గొలుపును. సో తేజోవంతమైనది. లా దుఃఖమును సూచించును. టీ చురుకైనది, పై షడ్జమువైపు వ్రేలు చూపుచుండును. స్వరము ఎంత ఎత్తున నున్నదని కాక ఎట్టి గుణము గలదని వినుమని ఆయన చెప్పెడివాడు. 1870లో ఈ స్వభావములకు చేతి గుర్తులు కల్పించెను. డోకు బిగించిన పిడికిలి. మీకు అడ్డముగా చాచిన అరచేయి. ఫాకు క్రిందికి చూపు బొటనవ్రేలు. టీకి మీదికెత్తిన చూపుడు వ్రేలు. పటము లేనిచోటకూడ ఉపాధ్యాయుడు వట్టి చేతులతో తరగతి నంతను పాడింపగలిగెను. తాళమునకు ఫ్రాన్సు దేశపు బోధకులనుండి టా, టాటై వంటి సొల్లులను తెచ్చుకొనెను. మన తకిట తకధిమి వంటివే యివియు.

ఇట్లు కొన్ని వారములు గడచిన పిమ్మట ఒకరివెనుక ఒకరు అందుకొను చిన్న పాటలు నేర్పుదురు. సగముమంది మొదటి పాదము పాడి రెండవదానికి పోగా, తక్కిన సగము మొదటి పాదము నెత్తుకొందురు. తన వరుసను విడువక, ప్రక్కవాని వరుసను వినుచు పాడుట అప్పుడు అలవడును. అటుపిమ్మట రెండు వరుసలు. అటుపిమ్మట స్త్రీల హెచ్చు గొంతు, తగ్గు గొంతు, పురుషుల హెచ్చు గొంతు, తగ్గు గొంతు అను నాలుగు వరుసలు. అప్పటికి అది తరగతి కాదు, బృందము. ఎవరి గొంతు ఏ వరుసకు తగునో అంతవరకు వారికే తెలియకుండెడిది.

స్వరలిపియొక్క మరియొక గుణము లోకమునకు వెంటనే తెలియలేదు, ముద్రాపకులకు తెలిసెను. గీతల సంగీతమును అచ్చువేయుటకు ప్రత్యేకమైన అచ్చులో, చెక్కిన లోహపు ఫలకములో కావలెను. వెల యెక్కువ. కర్వెన్ లిపికి అక్షరములు, నిలువుగీతలు, రెండు చుక్కలు, అడ్డగీతలు తప్ప మరేమియు అక్కరలేదు. సామాన్యమైన ముద్రణాలయమున ఉన్న అచ్చులే చాలును. కావున పాటలు చౌకయైనవి. 1851లో టానిక్ సోల్ఫా రిపోర్టరు అను పత్రికను ఆయన ఆరంభించెను. అందులో పాఠములు, బృందముల వార్తలు, పాటలు ఉండెడివి. 1853లో టానిక్ సోల్ఫా సంఘము వెలసెను. 1858లో ప్రామాణికమైన పాఠక్రమము ప్రకటితమయ్యెను. 1863లో ప్లేస్టోలో సొంత ముద్రణాలయము నెలకొల్పెను. హాండెల్ వ్రాసిన మెస్సయ్య వంటి మహాగ్రంథములుకూడ అక్షరలిపిలో వెలువడి కూలివాని యింట ప్రవేశించెను. గ్రంథాలయములను పెంచువారికి ఈ వృత్తాంతము క్రొత్తది కాదు. చౌకగా దొరకని విద్య ఊరిలో నిలువదు.

పట్టములు కూడ ఆయన ఆలోచనయే. ప్రథమ పట్టము, మధ్యమ పట్టము, ఉన్నత పట్టము అని మెట్లుండెను. ప్రథమ పట్టమునకే అభ్యర్థి ఒంటరిగా నిలిచి పాడవలెను. పటముమీద స్వరములను గుర్తించి పలుకవలెను. పరీక్షకుడు పేరు చెప్పక పాడిన స్వరమేదో చెవితో విని చెప్పవలెను. చూడని పాటను చూచి పాడవలెను. గుంపులో గోవిందయన్నట్లు పదిమంది నడుమ పెదవులాడించువాని ఆట ఇచ్చట సాగదు. పట్టము పుచ్చుకొన్నవారిలో అనేకులు తాముకూడ వేరొక వీధిలో, వేరొక ఊర తరగతి పెట్టిరి. వారిలో గుమాస్తాలు, బడిపంతుళ్ళు, చేతిపనివారు ఉండిరి. సంగీతమే వృత్తిగా గలవారు తక్కువ. మద్యపానమును మాన్పింప పూనుకొన్న సంఘములవారు పిల్లల బృందములను ఈ పద్ధతిమీదనే కూర్చిరి. సారాయి దుకాణమునకు పోవు సాయంకాలము పాటకు పోయినచో అదే చాలునని వారి తలంపు.

1857లో లండనునందలి క్రిస్టల్ ప్యాలెసు అను గాజుభవనమున సుమారు 3,000 మంది బాలబాలికలచే బృందగానము జరిగెను. కూలివారి బిడ్డలు అందరు ఒక్కటిగా శ్రుతిలో నిలిచి పాడుట చూడ వేలకొలది జనము వచ్చిరి. అంతవరకు ఇది ప్రార్థనాలయపు వెనుకగదిలోని విషయమని ఉపేక్షించిన పట్టణపు పెద్దలు ఆనాడు తలయెత్తి చూచిరి. 1867లో పారిసు నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమునకు జోసెఫ్ ప్రౌడ్మన్ అను సోల్ఫా బోధకుడు సుమారు 70 మంది గాయకులను వెంటబెట్టుకొని పోయి బృందగాన పోటీలో పాడించి బహుమానము నందెను. ఆ బృందమునకు పారిసు బహుమాన బృందమను పేరే స్థిరపడెను. అదే సంవత్సరము అక్టోబరులో సారా గ్లవరు మాల్వర్నులో కన్నుమూసెను.

ఈ పారిసు బృందమే తరువాత ఓడిపోవుటకూడ కథలోని రమ్యమైన ఘట్టము. వేల్సు దేశమున బొగ్గుగనుల లోయలలో సోల్ఫా పద్ధతి దావానలమువలె ప్రాకెను. ఎలియేజరు రాబర్ట్సు మొదలగువారు దానిని వెల్షు భాషలో వ్రాసి యిచ్చిరి. ఆ లోయలలో చదువు తక్కువ, పాట యెక్కువ. గ్రిఫిత్ రీస్ జోన్సు అను కమ్మరి, జనులు కారడాగ్ అని పిలుచువాడు, గనులలోను ఇనుపకొలుములలోను పనిచేయువారిని నాలుగువందలకు పైబడి కూర్చుకొని లండనునకు వచ్చెను. 1872లో క్రిస్టల్ ప్యాలెసు పాత్రకు పోటీ వచ్చినవా రెవరును లేరు. 1873లో ప్రౌడ్మన్ బృందము ఎదుర్కొనెను. కమ్మరి బృందము గెలిచెను. గెలిచినవారిలో అనేకులును, ఓడినవారును కర్వెన్ అక్షరములు చదివి పాడినవారే. కారడాగ్ విగ్రహమును వేల్సులోని అబర్డేరు పట్టణమున నేటికిని చూడవచ్చును. చేత కర్ర పట్టి నిలిచియున్నాడు.

పండితులు ఊరకుండలేదు. గీతల లిపి రానివాడు సంగీతజ్ఞుడా యని కొందరు పరిహసించిరి. 1872లో హల్లా ఉపాధ్యాయ శిక్షణశాలల సంగీత పరీక్షాధికారిగా నియుక్తుడయ్యెను. ముప్పది యేండ్లుగా తన పద్ధతిని నమ్ముకొనియున్న ఆయన సోల్ఫాను ఆదరింపలేదు. ఉపాధ్యాయులకు ప్రభుత్వపు పరీక్షలలో తమ పద్ధతికి స్థానము కల్పించుకొనుటకై కర్వెన్ పక్షమువారు చాల పెనుగులాడవలసివచ్చెను. హల్లా చెడ్డవాడు కాడు; పేదవారికి పాట నేర్పవలెనను కోరిక ఆయనకును ఉండెను. ఒకే ఊరికి రెండు దారులు చూపినవారు పోట్లాడుకొన్నట్లయ్యెను.

పండితుల ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. మొదట కర్వెన్ తన అక్షరములను గీతల లిపికి ఎక్కించు మెట్లుగానే తలచెను. క్రమముగా అక్షరలిపియే చాలునను భావము బలపడెను. 1872లో సవరించిన పాఠక్రమమునుండి గీతల లిపిని తొలగించిరి. దానివలన లక్షలాదిగా జనులు పాడగలిగిరి గాని, వారిలో పెక్కుమంది మెట్లమీదనే నిలిచిపోయి మేడలోనికి పోలేదు. వాద్యసంగీతము వారికి దూరమయ్యెను. శ్రుతి మాటిమాటికి మారు క్రొత్త రచనలను అక్షరములలో వ్రాయుట కష్టమయ్యెను. 20వ శతాబ్దిలో ఇంగ్లండున ఈ లిపి క్రమముగా వాడుక తప్పుటకు ఇదియు ఒక కారణము. తెచ్చిన వంతెన మంచిదే. వంతెనమీదనే ఇల్లు కట్టుకొనుట పొరపాటు.

1864లో కర్వెన్ ఆరోగ్యము చెడి పాదిరి ఉద్యోగమును విడిచెను. తరువాతి పదునారేండ్లును సోల్ఫాకే వెచ్చించెను. ఉత్తరములు వ్రాయుట, పరీక్షలు నడపుట, పుస్తకములు దిద్దుట, ఊరూరను ఉపన్యాసములిచ్చుట. 1869లో స్థాపితమైన టానిక్ సోల్ఫా కళాశాలకు 1879లో లండను సమీపమున ఫారెస్టు గేటులో సొంత భవనమునకు శంకుస్థాపన జరిగెను. 1880 జనవరిలో భార్య మేరీ మరణించెను. ముప్పదియైదేండ్ల సాహచర్యము తెగిపోయిన పిమ్మట ఆయన కోలుకొనలేదు. ఆ సంవత్సరమే మే 26వ తేదీన మాంచెస్టరు సమీపమున హీటన్ మెర్సీలో తనువు చాలించెను.

ఆయన కుమారుడు జాన్ స్పెన్సర్ కర్వెన్ తండ్రి ముద్రణాలయమును, కళాశాలను నిర్వహించి, 1882లో స్ట్రాట్ఫర్డున గానపు పోటీలు ఏర్పరచెను. ఇంగ్లండులో ఊరూర జరుగు సంగీత పోటీలకు అది నమూనా యయ్యెను. 1891 నాటికి ఇంగ్లండు ప్రాథమిక పాఠశాలలలో సుమారు 25 లక్షల పిల్లలు ఈ పద్ధతిలో పాట నేర్చుచుండిరి. 20వ శతాబ్దిలో హంగేరీ దేశపు సంగీతకర్త జోల్టాన్ కొడాయి ఇంగ్లండులో పిల్లల బృందములను చూచి, కర్వెన్ చేతి గుర్తులను తన దేశపు బడులలో ప్రవేశపెట్టించెను. పుట్టినచోట వాడిన మొక్క అచ్చట తిరిగి చిగిర్చెను. నేడు సినిమాలలోను, సంగీత పాఠశాలలలోను ఆ చేతి గుర్తులను చూచువారికి అవి ప్లేస్టోలోని బడి గదినుండి వచ్చినవని తెలియదు.

క్రైస్తవ మిషనరీలవెంట ఈ అక్షరములు మడగాస్కరునకు, ఫిజీకి, దక్షిణాఫ్రికాకు ఓడలెక్కి పోయెను. ప్రార్థన గీతములు నేర్పుటకు తీసికొనిపోయిన లిపిని అచ్చటివారు తమ సొంత పాటలకును వాడుకొనిరి. జొహానెస్బర్గు సమీపమున నాన్స్‌ఫీల్డు మిషను బడిలో ఉపాధ్యాయుడు, పిల్లల గానబృందమును నడపువాడు ఇనోక్ సొంటొంగా అను నల్లజాతి యువకుడు 1897లో ఖోసా భాషలో పాట యొకటి కట్టి, దాని బాణీని సోల్ఫా అక్షరములలోనే వ్రాసికొనెను. అప్పటికి ఆ పాట ఆయన బడిపిల్లల కొరకే. 1905లో ఆయన మరణించెను. తరువాత ఆ పాట బడిదాటి, ఊరుదాటి, స్వాతంత్ర్యము కోరు సభలలో వేలమంది గొంతులలో మ్రోగెను. 1997లో దక్షిణాఫ్రికా జాతీయగీతమున అది మొదటి భాగమయ్యెను.